ముందరి అర్రలో పుట్టిన కంపెనీ

"ఈ రోజు నుంచి నిజామాబాద్ జిల్లాలో పరాయి ఇల్లు అనేది ఉండదు!"

ఆతిథ్య, అంకుర పరిశ్రమల శాఖ మంత్రి ఆత్మారాం గారు ఈ మాట అనగానే ఫంక్షన్ హాల్ చప్పట్లతో దద్దరిల్లింది. అప్పటిదాకా ఉన్న పరాయి ఇళ్లన్నీ ఏమవుతాయని ఎవరూ అడగలేదు. అలాంటివి అడగాల్సింది విలేకరులు. బోధన్ విలేకరిని నేనే. సరిగ్గా అప్పుడు నా నోట్లో మిర్చిబజ్జీ ఉంది.

మంత్రిగారు ఒక యువకుడి భుజం మీద చెయ్యేసి వేదిక ముందుకు నడిపించారు. నల్ల టీషర్టు, తెల్ల బూట్లు, మెడలో పార్టీ కండువా. టీషర్టు చూసి స్టార్టప్ వాళ్లు మావాడే అనుకున్నారు. కండువా చూసి కార్యకర్తలు మావాడే అనుకున్నారు. ఇలా ఇద్దరినీ ఒకే ఒంటి మీద సంతోషపెట్టిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

"గీ పిలగాడు ధనుంజయ్. నాకు సొంత తమ్ముడు. మా అవ్వ కనలేదంతే!" అన్నారు మంత్రిగారు. "నా ఇల్లు వేరు, ఈయన ఇల్లు వేరు కాదు. నా ఇంటి తలుపు నా తమ్ముని కోసం ఎప్పటికీ తెరిచే ఉంటది!"

ధనుంజయ్ పెట్టిన కంపెనీ పేరు అర్ర-అడ్డా. అర్ర అంటే మా వైపు గది. మీ ఇంట్లో ఖాళీగా ఉన్న అర్రను ఫొటో తీసి యాప్‌లో పెడతారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని బుక్ చేసుకుని వచ్చి పడుకుంటారు. పొద్దున చాయ్ తాగి, ఇంటివాళ్ల ఫోన్ స్కాన్ చేసి డబ్బులిచ్చి వెళ్తారు. అందులో ఒక వాటా కంపెనీకి. 'హోటల్ లేని ఊర్లో ఆతిథ్యం, ఆదాయం లేని ఇంట్లో ఆదాయం' అని నినాదం. చదవడానికి బాగుంది కాబట్టి మరునాటి నా వార్తకు అదే శీర్షిక పెట్టాను.

తర్వాత ధనుంజయ్ మైకు అందుకుని కంపెనీ పుట్టుక గురించి చెప్పాడు.

"బెంగుళూరు. జోరు వాన. చేతిల బ్యాగు. ఎవ్వరి తలుపు కొట్టినా తియ్యలే. గప్పుడు నా దిమాగ్‌ల ఒక క్వశ్చన్ పుట్టింది. ఇన్ని ఇండ్లున్నయి, నాకొక్క అర్ర ఎందుకు లేదు?"

హాల్లో ముక్కులు చీదిన చప్పుడు వినిపించింది. మంత్రిగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. నా పక్క కుర్చీలో కూర్చున్న వెంకటవ్వ మాత్రం నోరు తెరుచుకుని వేదిక వైపే చూస్తోంది.

"శేఖరూ, వీడు బెంగుళూరు ఎన్నడు పోయిండురా?"

"పెద్దోళ్ల కథలు గట్లనే ఉంటయవ్వా."

"పెద్దోడయ్యిండంటవా?"

"అయ్యిండు గదా, మంత్రి తమ్ముడే అయ్యిండు."

"అయితె మంచిదే. ఇగ నా ముందరి అర్ర నాకిస్తడా?"

వెంకటవ్వ మా పక్కింటి మనిషి. బోధన్‌లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక గల్లీ మాది. ఆమె భర్త ఫ్యాక్టరీలో చేసేవాడు. ముందు ఫ్యాక్టరీ పోయింది, తర్వాత ఆయన పోయాడు, రెండర్రల ఇల్లు మిగిలింది. వెనక అర్రలో పొయ్యి, బియ్యం డబ్బాలు, చీకటి. ముందరి అర్రలో కిటికీ, ఫ్యాను, వెలుతురు. ఆ కిటికీ కింద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, అందులో తునికాకు, తంబాకు వేసుకుని ఆమె బీడీలు చుడుతుంది. చూపు కాస్త తగ్గింది. బీడీ కార్ఖానా వాళ్లు వంకర బీడీ కనిపిస్తే తిప్పికొడతారు. ముందరి అర్ర పోతే ఆమె పని పోయినట్టే. ఈ విషయం మా గల్లీలో అందరికీ తెలుసు, మరి ధనుంజయ్‌కూ తెలుసు.

మొన్నటి ఎన్నికల్లో పార్టీ పని మీద అతను వర్ని నుంచి వచ్చాడు. కరపత్రాలు పంచుతూ వెంకటవ్వ గడప దగ్గర ఆగి నీళ్లడిగాడు. మా వైపు నీళ్ల చెంబు ఒట్టిగా రాదు, దాని వెనకే ఒక ప్రశ్న వస్తుంది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"వర్ని అవ్వా."

"వర్నిల ఎవలింటోనివి?"

"సాయన్న కొడుకును."

"ఏ సాయన్న? నందిపేట్ పిల్లను చేసుకున్న సాయన్ననా? ఓర్నీ! మీ అవ్వ చిన్నమ్మ నాకు వదినె అయితదిరా! నువ్వు నాకు మనుమడివి గదరా! బయట నిలవడ్డవేంది, లోపటికి రా!"

ఎవరు ఎదురైనా చుట్టరికం తవ్వి తీసే ఈ పనిని మావాళ్లు వరుస కలుపుడు అంటారు. వరుస కలిసిన మనిషికి బువ్వ పెడతారు, చోటు పెడతారు, ఎప్పుడు పోతావని మాత్రం అడగరు. అడిగితే ఇజ్జత్ పోతుంది. ధనుంజయ్ చెంబు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"అవ్వా, రాత్రికి ఈడనే పండుకుంట. ఒక్క రాత్రే."

ఎన్నికలు ముగిశాయి. ఫలితాలు వచ్చాయి. మంత్రివర్గం ఏర్పడింది. ధనుంజయ్ లేవలేదు. కిటికీ కింద ప్లగ్గు ఉందని లాప్‌టాప్‌తో అక్కడికి చేరాడు, వెంకటవ్వ చాట పట్టుకుని గోడ దగ్గరికి జరిగింది. మీటింగులని నలుగురు దోస్తులను పిలిచాడు, ఆమె గడప దగ్గరికి జరిగింది. ఒకనాడు మధ్యాహ్నం జొన్నరొట్టె తిని వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తుండగా అతనికి ఆలోచన తట్టింది. నేను అక్కడే ఉన్నాను.

"అవ్వా! ఎవరింట్ల పడితే వాళ్లింట్ల గిట్ల పోయి ఉంటే ఎంత మంచిగుంటది! దీన్ని స్కేల్ చెయ్యాలె!"

"ఏమన్న చెయ్యి బిడ్డా. జర కాలు అవతల పెట్టు, ఆకు తొక్కుతున్నవ్."

అమెరికాలో పెద్ద పెద్ద కంపెనీలు కారు షెడ్లలో పుట్టాయని ఎక్కడో చదివాను. మా గల్లీలో ఎవరికీ కారు లేదు కాబట్టి ఇది అర్రలో పుట్టింది.

మంత్రిగారు ప్రారంభించడం ఆలస్యం, జిల్లాలో ఉన్న ఖాళీ అర్రలన్నీ యాప్‌లోకి ఎక్కాయి. వడ్ల బస్తాలు జరిపితే ఖాళీ అయ్యే అర్ర, పసుపు కొమ్ములు అమ్ముడుపోతే ఖాళీ అయ్యే అర్ర, బర్రె ఈనేదాకా ఖాళీగా ఉండే అర్ర. మొదటి బుకింగ్ రెంజల్‌లోని అంజవ్వ ఇంటికి వచ్చింది. హైదరాబాద్ నుంచి హర్షిణి, మల్లికార్జున్ అనే సాఫ్ట్‌వేర్ దంపతులు. చరిత్రలో మొదటి చెల్లింపును ఫొటో తీయాలని ధనుంజయ్ పొద్దున్నే నన్ను బండెక్కించుకుని తీసుకెళ్లాడు.

మేం వెళ్లేసరికి హర్షిణి పీట మీద కూర్చుని ఏడుస్తోంది. అంజవ్వ ఆమె ఒళ్లో దోసిళ్లతో బియ్యం పోస్తోంది.

"ఏమైందక్కా? సర్వీస్‌ల ఏమన్న ఇష్యూ వచ్చిందా?" ధనుంజయ్ బండి స్టాండ్ కూడా వేయకుండా పరుగెత్తాడు.

"ఇష్యూ ఏందిరా? ఆడివిల్లకు ఒడిబియ్యం పోస్తున్న," అంది అంజవ్వ. "రాత్రి బువ్వ పెట్టుకుంట మీదే ఊరమ్మా అన్న. హైదరాబాద్ అన్నది. హైదరాబాద్ ఎవలికన్న ఊరా? అసలు ఊరు చెప్పు తల్లీ అంటె మా అమ్మది నందిపేట్ అన్నది. పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయి ఉన్నోళ్ల ఇల్లట. గా ఇంటి పక్కింటికే మా చిన్నమ్మనిచ్చిండ్రు! రెండిండ్లోళ్లు అక్కచెల్లెండ్ల లెక్కన ఉండేటోళ్లు. మల్ల ఈ పిల్ల నాకు బిడ్డ గాదా?"

"అయితది అక్కా, అయితది. పేమెంట్ అయ్యిందా?"

వాకిట్లో అందరూ ఒక్కసారి అతని వైపు తిరిగారు.

"కన్నబిడ్డ దగ్గర పైసలు తీసుకుంటరారా? నీకు నోరెట్లొచ్చింది?"

మల్లికార్జున్ మొహమాటపడి ఫోన్ తీశాడు. అంజవ్వ కొడుకులిద్దరూ "బావా, మా ఇజ్జత్ తియ్యకు!" అంటూ ఫోన్ లాక్కుని, అతని చేతిలో కొత్త ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ పెట్టారు. అల్లుడికి కోడి కోయకుండా పంపరు కదా, మధ్యాహ్నం దాకా ఆపారు. సాయంత్రం కారు డిక్కీలో బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి కుడుకలు, ఒక మేకపిల్ల సర్దారు. మేకపిల్లను మాత్రం హర్షిణి బతిమాలి దింపించింది. ఆమె యాప్‌లో ఐదు నక్షత్రాలిచ్చి 'పుట్టింటికి వచ్చినట్టుంది' అని రాసింది. కంపెనీ వాటా కింద అంజవ్వ ధనుంజయ్‌కి ఒక కుడుక ఇచ్చింది.

జిల్లా అంతా ఇదే వరస. వర్నిలో ఎరువుల కంపెనీ ఆఫీసరు పడుకుని లేచేసరికి ఇంటివాళ్లకు మేనమామ అయ్యాడు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన వ్యాపారికి మరాఠీ తప్ప మరో భాష రాదు, అతనైనా తప్పించుకుంటాడని ధనుంజయ్ ఆశపడ్డాడు. మా సంతల్లో మరాఠీ రానివాళ్లెవరు? చాయ్ చల్లారేలోపు అతని అత్త బోధన్‌లోనే ఉందని తేల్చారు. అందరూ ఐదేసి నక్షత్రాలు ఇస్తున్నారు, ఎవరి దగ్గరా ఎవరూ డబ్బులు తీసుకోవడం లేదు. ప్రపంచంలో ఇంత మంచి పేరున్న కంపెనీ ఇంత వేగంగా మునగడం ఇదే మొదటిసారి అయి ఉంటుందని నేను గర్వంగా రాశాను.

ధనుంజయ్ మాత్రం అధైర్యపడలేదు. వెంకటవ్వ కిటికీ కింద కూర్చుని బాగా ఆలోచించాడు.

"శేఖరన్నా, ప్రాబ్లెం దొరికింది. గెస్ట్ మంచోడే. హోస్ట్ మంచిదే. గా క్వశ్చన్ ఉన్నది సూడు, మీదే ఊరు అని, అది డేంజర్. దాన్ని బ్యాన్ చేస్తున్న."

నిజామాబాద్‌లో ఇంటివాళ్లందరికీ శిక్షణ శిబిరం పెట్టారు. శిక్షణ ఇవ్వడానికి హైదరాబాద్ నుంచి నిరోష అనే కస్టమర్ ఎక్స్‌పీరియన్స్ ట్రైనర్ వచ్చింది. మనిషి చాలా స్ట్రిక్టు.

"అమ్మా, గెస్ట్ రాగానే ఒక స్మైల్. తర్వాత వాటర్. అంతే. పర్సనల్ క్వశ్చన్స్ అడగొద్దు."

అంజవ్వ లేచి నిలబడింది. "ఊరడుగకుండ నీళ్లెట్లిస్తరు తల్లీ? దొంగోనికిచ్చినట్టు?"

"అడగకూడదమ్మా. మరీ మాట్లాడాలనిపిస్తే వెదర్ గురించి మాట్లాడండి. వాన, ఎండ, అట్లా."

"సరే తియ్యి."

నిరోష తనే గెస్ట్ అయి తలుపు బయటికి వెళ్లి లోపలికొచ్చింది. అంజవ్వ నవ్వింది. నీళ్లిచ్చింది. పెదాలు బిగించింది. హాలంతా ఊపిరి బిగపట్టింది. అంజవ్వ నుదుటి మీద చెమట పట్టింది.

"వాన మంచిగ పడ్డదా బిడ్డా?"

"పడిందండీ, థాంక్యూ."

"ఏ ఊర్ల?"

చాయ్ విరామంలో నిరోష తాతగారిది రెంజల్ దగ్గరి పల్లె అని తేలింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకేమేం తేలాయో నాకు తెలియదు. సాయంత్రం ఆమె హైదరాబాద్ బస్సు ఎక్కలేదు. కళ్లు తుడుచుకుంటూ అంజవ్వ వాళ్ల ట్రాక్టర్ ఎక్కింది.

ఇక మిగిలింది మంత్రిగారే. ధనుంజయ్ వెళ్లి మొర పెట్టుకున్నాడు. ఆత్మారాం గారు కాసేపు కళ్లు మూసుకుని, తెరిచి, ప్రకటించారు.

"నేనే గెస్ట్‌గ వస్త. కంపెనీ ఎక్కడ పుట్టిందో గా అర్రలనే పండుకుంట. పొద్దుగాల కెమెరాల ముంగట నా చేతుల మీదుగ మొదటి పేమెంట్ చేస్త. రాష్ట్రమంత చూసి నేర్చుకుంటది. ఒక్క రాత్రే!"

మంత్రిగారి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన ఏ ఊరికి వెళ్లినా ఆ ఊరికి చుట్టమే. నందిపేట్‌లో మేనమామలు, వర్నిలో బావలు, రెంజల్‌లో వదినెలు. వెంకటవ్వకు వరుస కలపాలంటే కనీసం ఒక చెంబెడు నీళ్లు, నాలుగు ప్రశ్నలు కావాలి. మంత్రిగారికి మైకు ఒక్కటి ఉంటే సరిపోతుంది. చివర్లో ప్రతిచోటా 'నా ఇంటి తలుపు మీకోసం ఎప్పటికీ తెరిచే ఉంటది' అంటారు. అలాంటి నాయకుడు దొరకడం మా అదృష్టమని అప్పటికే నాలుగైదు వార్తల్లో రాసి ఉన్నాను.

మంత్రిగారి పీఏ భూమేష్ ఆఫీసర్లను వెంటేసుకుని మా గల్లీకి వచ్చాడు. వెంకటవ్వ చాట, ఆకు, తంబాకు డబ్బా, కత్తెర అన్నీ పెరట్లోకి, స్నానాల బండ పక్కన రేకు కిందికి పోయాయి. ధనుంజయ్ సామాను ఎక్కడికి పోయిందో నేను గమనించలేదు. గోడలకున్న సిమెంటు మీద ఎర్రమట్టి పూయడం మొదలైంది.

"అయ్యో, మొన్ననే గదరా సిమెంట్ చేపిస్తి!" వెంకటవ్వ గుండె బాదుకుంది.

"పేదరికం కనవడాలె అవ్వా," అన్నాడు భూమేష్.

"మల్ల ఏసీ ఎందుకు పెడుతున్నరు?"

"పేదరికానికి ఉక్కపోస్తదవ్వా."

"నా అర్ర నాకెప్పుడిస్తరు?"

"ఒక్క రాత్రే."

ఆ మాట ఎక్కడో విన్నట్టు వెంకటవ్వ నా వైపు చూసింది. నేను కెమెరా లెన్సు తుడుచుకున్నాను.

సాయంత్రం మంత్రిగారు వచ్చారు. గల్లీ నిండా కార్లు, డప్పులు, కెమెరాలు. వెంకటవ్వ చెంబుతో గడపలో నిలబడింది. ఊరడగొద్దని ఆమెకు భూమేష్ రెండు వైపులా ఇద్దరు ఆఫీసర్లను నిలబెట్టాడు. పాపం, ఆమె నోరు తెరవలేదు. నిబంధన పాటించిన మొదటి హోస్ట్ ఆమేనని ధనుంజయ్ నా చెవిలో చెప్పాడు. నీళ్లు తాగి చెంబు తిరిగిస్తూ మంత్రిగారే మైకు అందుకున్నారు.

"ఈ తల్లి ఎవరనుకుంటున్నరు? నాకు మేనత్త! మా బాపుకు సొంత చెల్లె లెక్క!"

"మీ బాపు పేరేంది బిడ్డా? మీదే..." వెంకటవ్వ ఆగలేకపోయింది.

"అవ్వా, రూల్!" అన్నాడు భూమేష్.

మంత్రిగారు వంగి ఆమె కాళ్లు మొక్కారు. డప్పులు మోగాయి. "అత్తా, నా ఇంటి తలుపు నీకోసం ఎప్పటికీ తెరిచే ఉంటది. ఎప్పుడన్న రా!"

పొద్దున్న రాష్ట్రమంతా ఎదురుచూస్తున్న మొదటి చెల్లింపు ఘట్టం. ధనుంజయ్ వెంకటవ్వ ఫోన్ పట్టుకుని ముందుకొచ్చాడు. మంత్రిగారు తన ఫోన్ జేబులోంచి సగం తీసి, ఆగి, కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"మేనత్తకు పైసలిస్తనా? నా ఇజ్జత్ ఉంటదా?"

ఫోన్ మళ్లీ జేబులోకి వెళ్లింది. జనం ఈలలు వేశారు. 'ధనం మీద గెలిచిన బంధం' అని నేను మొదటి పేజీకి పంపాను. ధనుంజయ్ మొహం మాత్రం ఫొటోలో సరిగ్గా రాలేదు, తీసేయాల్సి వచ్చింది.

కార్లు కదలగానే భూమేష్ ముందరి అర్రకు తాళం వేశాడు. తలుపు మీద ఇత్తడి పలక బిగించాడు. 'గౌరవ మంత్రివర్యులు నిద్రించిన గది.'

"గిదేంది నాయనా?" అంది వెంకటవ్వ.

"స్మారకం అవ్వా. మంత్రిగారు పండుకున్న మంచం మీద ఇంకొకలు పండుకుంటే ప్రోటోకాల్ ఒప్పుకోదు."

"నేను మంచమెక్కను. కిటికీ కింద కూసుంట."

"ప్రాసెస్‌ల పెట్టినం," అని భూమేష్ ఒక కానిస్టేబుల్‌ని కాపలా ఉంచి వెళ్లిపోయాడు.

ధనుంజయ్‌కి దశ తిరిగింది. ఒక్క రూపాయి కూడా తీసుకోని ఇంటివాళ్లు, అందరూ సంతోషంగా ఉన్న అతిథులు, మంత్రి నిద్రించిన గది. ఇవన్నీ చూపించి ఉత్తమ అంకుర సంస్థ పురస్కారం తెచ్చుకున్నాడు. హైదరాబాద్‌లో హెడ్ ఆఫీసు తెరిచానని చెప్పాడు. టీవీల్లో ఇంటర్వ్యూలన్నీ అక్కడి నుంచే ఇచ్చేవాడు. వెనక తెల్లటి స్తంభం, పక్కన పెద్ద ఇత్తడి ఏనుగు. ఆఫీసు అంటే ఇలా ఉండాలని మా గల్లీ పిల్లలకు చూపించాను.

ఇక్కడ వెంకటవ్వ పెరట్లో రేకు కింద కూర్చుని బీడీలు చుట్టేది. మబ్బు పడితే ఆకు కనిపించదు. వానొస్తే జల్లు కొట్టి తంబాకు ముద్దవుతుంది. కార్ఖానా మనిషి వచ్చి తడి బీడీలన్నీ తిరగ్గొట్టాడు. ఇంకోసారి ఇలాగైతే పేరు తీసేస్తాం అన్నాడు. ఆమె ధనుంజయ్‌కి ఫోన్ చేసింది.

"మనుమడా, నీ అన్ననే గద మంత్రి. నా అర్ర ఇప్పియ్యరాదురా, నీకు పుణ్యముంటది."

"బోర్డ్ మీటింగ్‌ల ఉన్న అవ్వా, మల్ల చేస్త," అన్నాడు ధనుంజయ్. వెనక ఎవరో రొట్టెలు కొడుతున్న చప్పుడు నాకు కూడా వినిపించింది. హెడ్ ఆఫీసుల్లో క్యాంటీన్లు ఉంటాయి.

ఒక తెల్లవారుజామున ఆమె నన్ను లేపింది.

"శేఖరూ, నా అర్రల ఎవలో గురక పెడుతున్నరురా."

వెళ్లి విన్నాను. తాళం వేసినది వేసినట్టే ఉంది. నిజమే, ఏదో శబ్దం వస్తోంది, మధ్యమధ్యలో దగ్గు కూడా. కానిస్టేబుల్‌ని అడిగాను.

"ఏసీ సౌండ్ అన్నా."

"ఏసీ దగ్గుతదారా?" అంది వెంకటవ్వ.

"కొత్త మోడల్ అవ్వా."

స్మారక గదిని చల్లగా కాపాడుతున్న ప్రభుత్వ శ్రద్ధ గురించి నేను ఒక బాక్స్ ఐటమ్ రాశాను. అది అచ్చయిన రోజే పెద్ద వాన పడింది. రేకు లేచిపోయింది, కట్టిన బీడీలన్నీ బురదలో కలిశాయి. వెంకటవ్వ వాకిట్లో నిలబడి మూసిన తలుపు వైపు చూస్తూ ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

"నా ఇంట్ల నేనే చుట్టాన్నయితి గదరా శేఖరూ! గిదేం పాడు కాలంరా!"

ఆమె కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. పెరటి వైపు నుంచి వెనక అర్రలోకి వెళ్లి చద్దరు, దుప్పటి మూట కట్టింది. చాట, ఆకు, తంబాకు డబ్బా సంచిలో వేసింది.

"యాడికవ్వా?"

"మేనల్లునింటికి. ఎప్పుడన్న రా అన్నడు గద. పా, బస్సుకు ఆలిస్యమయితది."

నిజామాబాద్‌లో మంత్రిగారి బంగ్లా గేటు దగ్గర కానిస్టేబుల్ అడ్డుకుంటాడు, అప్పుడు ఫొటో తీద్దామని నేను కెమెరా సిద్ధం చేసుకున్నాను.

"ఎవలు మీరు?" అన్నాడు కానిస్టేబుల్.

"మంత్రి మేనత్తను," అంది వెంకటవ్వ.

"ఏ ఊరు మేనత్త?"

"బోధన్."

"బోధన్ మేనత్తలు ఇప్పటిదాంక రాలే," అని అతను గేటు తీశాడు. "చెప్పులు గాడ ఇడువుండ్రి. మొగోళ్లయి అటు, ఆడోళ్లయి ఇటు."

మెట్ల కింద చెప్పులు కుప్పలుగా ఉన్నాయి. హాల్లోకి అడుగు పెట్టి నేను నిలబడిపోయాను. స్తంభానికీ స్తంభానికీ తీగ కట్టి పంచెలు, చీరలు ఆరేశారు. ఒక మూల ఎవరో గడ్డం గీసుకుంటున్నారు. ఒకామె రొట్టెలు కొడుతోంది. గోడల వెంట మూటలు, చాపలు, చెంబులు. మధ్యలో పీట మీద కూర్చుని ఒక పెద్దావిడ అందరికీ చాయ్ పోస్తోంది. మంత్రిగారి తల్లి సుమిత్రమ్మ అని పక్కవాళ్లు చెప్పారు.

"రా అవ్వా, కూసో. నువ్వేం వరుస?" అంది ఆమె.

"మీ కొడుకుకు మేనత్తనట. మైకుల చెప్పిండు."

"నా పెనిమిటికి తోడవుట్టినోళ్లే లేరు," అంది సుమిత్రమ్మ, చాయ్ గ్లాసు అందిస్తూ. "మేనత్తలంత గా కిటికీ దిక్కున్నరు. ఆడ జాగ సూసుకో. బావలు వెనక వరండల. మేనమామలు మ్యాడ మీద."

నేను విలేకరిని కదా, అడగాల్సింది అడిగాను. "మంత్రిగారెక్కడున్నారమ్మా?"

"ఇంట్ల వానికి జాగేడున్నది నాయనా? బోధన్‌ల ఎవలిదో అర్ర దొరికిందట. ఏసీ ఉన్నదట. దినాం మాపటికి ఆడికే పోయి పండుకుంటున్నడు పాపం."

నేను పెన్ను తీశాను. మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

వెంకటవ్వ అప్పటికే కిటికీ వైపు చూస్తోంది. పెద్ద కిటికీ. నిండా వెలుతురు. పైన రెండు ఫ్యాన్లు. కింద ప్లగ్గు, ప్లగ్గు పక్కన ఇత్తడి ఏనుగు, ఏనుగు కాళ్ల దగ్గర తెల్ల బూట్లు తల కింద పెట్టుకుని నల్ల టీషర్టు మనిషి, పొట్ట మీద లాప్‌టాప్.

"...అవును సార్, మా హైదరాబాద్ హెడ్ ఆఫీస్ నుంచే మాట్లాడుతున్న," అంటున్నాడు ధనుంజయ్. తల ఎత్తి చూశాడు. ఫోన్ కట్ చేశాడు. "అవ్వా! నువ్వా?"

"జర కాలు అవతల పెట్టు బిడ్డా."

ధనుంజయ్ లాప్‌టాప్ ఎత్తుకుని గోడ దగ్గరికి జరిగాడు. వెంకటవ్వ చాప పరిచింది. మూట గోడకు ఆనించింది. చాట ఒళ్లో పెట్టుకుని ఆకు వెలుతురులోకి ఎత్తి చూసింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు కనిపించింది. ఆకు కత్తిరించి, తంబాకు వేసి, వేళ్ల మధ్య చుట్టి, దారం కట్టింది. బీడీ సూదిలా వచ్చింది.

"ఎన్ని రోజులుంటవవ్వా?" అన్నాడు ధనుంజయ్, చిన్న గొంతుతో.

వెంకటవ్వ ఇంకో ఆకు తీసుకుంది.

"ఒక్క రాత్రే బిడ్డా."